పెరుగుమూట – అనాసముక్క
(పొయ్యి వెలిగించని ఒక తీపి వెనుకనున్న రసాయనం)

కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఉగాది సాయంత్రం మా బ్లాకు క్రింది వాయిడ్ డెక్‌లో నలభైమంది తెలుగువారం కలుసుకున్నాము. ఇంటికొక వంటకం చేసి తేవాలన్నది ఏర్పాటు. పులిహోర, బొబ్బట్లు, గారెలు పెద్దవారు పంచుకోగా, పిల్లలు ఇష్టపడే తీపి ఏదైనా తెచ్చే బాధ్యత మా ఇంటికి వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేక, మూటగట్టి నీరు తీసిన పెరుగులో పంచదార, ఏలకులపొడి కలిపి, అందులో తాజా అనాసముక్కలు దండిగా వేసి ఉదయమే ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం తీసుకువెళ్ళాము. మొదటి చెంచా నోట పెట్టుకున్న పిల్లవాడు "అమ్మా, చేదు!" అని ఉమ్మివేశాడు. పెరుగు పాడైందని ఒకరు, ఏలకులు పుచ్చిపోయాయని మరొకరు అన్నారు. "ఉగాది కదమ్మా, చేదు కూడా ఉండవలసినదే" అని ఒక పెద్దాయన పరిహాసమాడారు. గిన్నెడు తీపి పారబోసి వచ్చాము. పెరుగు పాడు కాలేదు, ఏలకులూ మంచివే. తప్పు ఎక్కడ జరిగినదో తెలుసుకొనడానికి కొంత చదవవలసి వచ్చింది. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే.

చిక్కని, మెత్తని, చల్లని తీపి ముద్దను ఒక గిన్నెలో పెట్టి, చుట్టూ పండ్లముక్కలు పేర్చి, ముక్కను అందులో ముంచుకొని తినడం పాశ్చాత్య దేశాల విందులలో పరిపాటి. అమెరికాలోని మన బంధువుల ఇళ్ళలో పిల్లల పుట్టినరోజులకు ఇది తప్పక కనిపిస్తుంది. దానిని "డిప్" అంటారు. వారు క్రీమ్ చీజ్‌తో చేస్తారు. మనకు ఇది బొత్తిగా కొత్తది కాదు. పెరుగులోని నీరు తీసి, చక్కెరా సుగంధద్రవ్యాలూ చేర్చి చేసే శిఖరిణి అనే పదార్థం, కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుని పేర 12వ శతాబ్దిలో వెలువడిన మానసోల్లాసంలో ఉన్నది. నేటి తెలంగాణలో చాలా భాగం అప్పట్లో ఆ చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. మహారాష్ట్రులు, గుజరాతీలు ఈనాడు శ్రీఖండ్ అనేది దాని వంశంలోనిదే. కనుక పిల్లలు దీనిని అమెరికా తీపి అనుకుంటే, తొమ్మిది వందల ఏళ్ళ క్రితపు ఈ సంగతి వారి చెవిన వేయవచ్చు.

ముందుగా పాల సంగతి చూద్దాము. ఆవుపాలలో నూటికి 87 పాళ్ళు నీరే. మిగిలినదానిలో లాక్టోజ్ అనే చక్కెర ఐదు పాళ్ళకు కొంచెం తక్కువ, క్రొవ్వు మూడున్నర నుండి నాలుగు, మాంసకృత్తులు మూడు పాళ్ళకు కొంచెం ఎక్కువ. ఆ మాంసకృత్తులలో ఐదింట నాలుగు వంతులు కేసీన్. ఈ కేసీన్ అణువులు వేల సంఖ్యలో గుంపుకట్టి చిన్న చిన్న బంతులుగా పాలలో తేలుతుంటాయి. ఒక్కొక్క బంతి వ్యాసం మిల్లీమీటరులో పదివేలవ వంతో, అంతకు రెండింతలో ఉంటుంది. ప్రతి బంతిపైనా ఋణ విద్యుదావేశం గల నూగు ఉంటుంది. ఒకే ఆవేశం గలవి ఒకదానినొకటి నెట్టివేసుకుంటాయి కనుక బంతులు అంటుకోకుండా విడివిడిగా ఉంటాయి. పాలు పలుచగా ఉండడానికి కారణమిదే. పాలు తెల్లగా కనిపించడానికి కూడా ఈ బంతులు, క్రొవ్వుబొట్లు కలిసి వెలుగును చెదరగొట్టడమే కారణం.

గోరువెచ్చని పాలలో మనం తోడు వేయగానే అందులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను తిని లాక్టికామ్లాన్ని విడుదల చేస్తాయి. పెరుగు తోడుకొనడానికి పనిచేసే సూక్ష్మజీవులలో ఒకదానిని 1905లో బల్గేరియా దేశస్థుడు స్తామెన్ గ్రిగొరోవ్ గుర్తించాడు. అందుకే దాని పేరులో నేటికీ ఆ దేశం పేరు ఉన్నది. ఆమ్లం పెరిగేకొద్దీ బంతులపైనున్న ఋణావేశం తరిగిపోతుంది. పాల పి.హెచ్. మొదట 6.6 లేక 6.7 ఉంటుంది. అది 4.6 దాకా దిగేసరికి బంతుల మధ్య వికర్షణ పోయి అవి ఒకదానినొకటి పట్టుకొని గొలుసులుగా, గొలుసులు వలగా ఏర్పడతాయి. ఆ వల కన్నులలో నీరు, క్రొవ్వు చిక్కుకుంటాయి. ఆ వలనే మనం పెరుగు అంటాము. నిన్న గరిటె పెట్టిన పెరుగు గిన్నెలో తెల్లవారేసరికి తేట ఊరడం అందరూ చూసినదే. తెగిన వల ముడుచుకొని నీటిని వదలివేయడమే ఆ తేట.

మా అత్తగారు కృష్ణాజిల్లా నుండి తొలిసారి ఇక్కడికి వచ్చినపుడు, నేను సీసాపాలను కొంచెం వెచ్చచేసి తోడు వేయబోతుంటే ఆపి, "అమ్మాయ్, పాలు పొంగనిచ్చి, సన్నని సెగ మీద కాసేపు మరగనియ్యి. లేకపోతే పెరుగు నీళ్ళగా తోడుకుంటుంది" అన్నారు. "ఈ పాలు పాశ్చురైజ్ చేసినవే అత్తయ్యా, మళ్ళీ కాచనక్కరలేదు" అని నేను వాదించాను. ఆమె మాటే నిజమయింది. పాశ్చురైజ్ చేయడమంటే పాలను 72 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 15 సెకన్లు ఉంచి చల్లార్చడం. రోగకారక క్రిములు చావడానికి అది చాలు. కాని కేసీన్ కాక పాలలో మిగిలిన మాంసకృత్తులు 85 డిగ్రీలకు పైగా కొన్ని నిమిషాలు కాగినప్పుడే తమ ముడి విప్పుకొని కేసీన్ బంతులకు అతుక్కుంటాయి. అలా అతుక్కున్న తరువాత ఏర్పడే వల దట్టంగా ఉండి నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. పైగా మరిగినపుడు కొంత నీరు ఆవిరై పాలు చిక్కబడతాయి. ఇక్కడి అంగళ్ళలో ఫ్రిజ్ బయట పెట్టి అమ్మే డబ్బాపాలు 135 డిగ్రీలకు పైగా వేడి చూసి వచ్చినవి కనుక వాటిని మళ్ళీ మరిగించనవసరం లేదు. గోరువెచ్చన చేసి తోడు వేస్తే చాలు. పాలు కొనేటప్పుడు క్రొవ్వు తీయనివి కొనండి. నీరుపాలతో చేసిన పెరుగు మూట కడితే సుద్దముద్దలా వస్తుంది.

సింగపూరు భూమధ్యరేఖకు ఒక డిగ్రీకి కొంచెం పైన ఉన్న ఊరు. ఏడాది పొడుగునా పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 25 డిగ్రీల ప్రాంతం. హైదరాబాదులో డిసెంబరు రాత్రి పెరుగుగిన్నెకు కంబళి చుట్టినవారికి ఇక్కడ ఆ బెంగ లేదు. ఇక్కడి బెంగ వేరు. రాత్రి తోడువేసి మరచిపోతే తెల్లవారేసరికి పెరుగు పులిసి ముక్కు పగలగొడుతుంది. డిప్ చేయడానికి పులుపెక్కని పెరుగే కావాలి, ఎందుకంటే నీరు తీసిన తరువాత పులుపు మరింత స్పష్టంగా తెలుస్తుంది. గిన్నెను కదిపితే పెరుగు ఒక్కముద్దగా కదిలే స్థితి వచ్చిన వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చాలి. చలిలో సూక్ష్మజీవులు చావవు కాని వాటి పని చాలా మందగిస్తుంది.

ఇక మూట. ఒక కిలో పెరుగు తీసుకొని, ఉతికి ఆరబెట్టిన పలుచని నూలుగుడ్డను జల్లెడలో పరచి అందులో పోసి, అంచులు కలిపి ముడివేయండి. జల్లెడను లోతైన గిన్నెపై నిలిపి ఫ్రిజ్‌లోనే ఎనిమిది నుండి పన్నెండు గంటలు ఉంచండి. మన ఊళ్ళలో మూటను గోడమేకుకు వేలాడదీసేవారు. ఇక్కడి ఉక్కలో అలా చేస్తే నీరు కారేలోగా పెరుగు పులిసిపోతుంది. పిండితే త్వరగా అవుతుందని పిండకండి. వల చిరిగి మాంసకృత్తు కూడా తేటతో బయటికి వస్తుంది. మూట విప్పేసరికి సుమారు 400 నుండి 500 గ్రాముల గట్టి ముద్ద మిగులుతుంది. తేటతోపాటు లాక్టోజ్‌లో కొంత భాగం వెళ్ళిపోతుంది. అందువలన పాలు త్రాగితే కడుపు ఉబ్బరించేవారిలో చాలామందికి ఈ ముద్ద అంతగా ఇబ్బంది కలిగించదు. అలాగని అందరికీ పడుతుందని చెప్పలేము.

ఈ ముద్దలో మెత్తగా పొడిచేసిన పంచదార ఎనభై నుండి నూరు గ్రాములు, నాలుగు ఏలకుల పొడి వేసి చెక్కగరిటెతో నునుపుగా వచ్చేవరకు మెదపండి. పంచదార తగలగానే ముద్ద కొంచెం జారుగా అవుతుంది. కంగారుపడవద్దు. పంచదార నీటిని ఆకర్షించే పదార్థం. వలలో పట్టుబడిన నీటిని లాగి తాను కరుగుతుంది. ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచితే ముద్ద మళ్ళీ బిగుసుకుంటుంది. కుంకుమపువ్వు వేయదలచినవారు దానిని పొడిగా చల్లక, రెండు చెంచాల వెచ్చని పాలలో పదిహేను నిమిషాలు నానవేయాలి. ఆ రంగుకు కారణమైన పదార్థం నీటిలో కరిగేదే కాని నేతిలో కరిగేది కాదు. ఏలకుల పరిమళం ఇందుకు విరుద్ధం. అది క్రొవ్వులో కరుగుతుంది కనుక మీగడపెరుగులో నిలిచినట్లు నీరుపెరుగులో నిలవదు. తీపి సరిచూసేటప్పుడు చల్లబడిన తరువాతే రుచి చూడండి. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది.

పెరుగు మూటకు వ్యవధి లేనివారు క్రీమ్ చీజ్‌తో చేసుకొనవచ్చు. ఇది 1870ల నాటి అమెరికా పదార్థం. న్యూయార్కు రాష్ట్రంలోని ఒక పాడివర్తకుడు దానిని అమ్మకానికి తెచ్చినట్లు చెబుతారు. పేరు ఫిలడెల్ఫియా అయినా పుట్టిన ఊరు అది కాదు. దానిని కలిపే ముందు అరగంట బయట ఉంచి మెత్తబడనివ్వాలి. చల్లగా ఉన్నప్పుడు కలిపితే ఉండలు కడుతుంది. గిలక్కొట్టిన మీగడ కలపదలిస్తే పద్ధతి తలక్రిందులు. మీగడనూ గిన్నెనూ గిలకనూ బాగా చల్లబరచాలి. మీగడలోని క్రొవ్వుబొట్లు సగం గట్టిగా, సగం మెత్తగా ఉంటేనే ఒకదానికొకటి అంటుకొని గాలిబుడగల చుట్టూ గోడ కట్టగలవు. ఇక్కడి వంటింట్లో 30 డిగ్రీల దగ్గర పాలక్రొవ్వు దాదాపుగా కరిగి ఉంటుంది, ఇక గోడ ఎక్కడిది? ఎంత చిలికినా నురుగు రాలేదని విసిగి ఇంకా చిలికితే చివరికి వెన్న పడుతుంది. మన అమ్మమ్మలు వేసవిలో తెల్లవారుజామునే కవ్వం పట్టి, మజ్జిగలో చన్నీళ్ళు పోసి చిలకడం ఈ క్రొవ్వు స్వభావం ఎరిగినందువల్లనే. పాలు పడనివారికి కొబ్బరిపాల మీగడ ఉన్నది కాని దానికీ ఇదే చిక్కు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. హైదరాబాదులో చలికాలం సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనెను ఎండలో పెట్టుకున్న అనుభవం ఇక్కడ పెరిగిన పిల్లలకు అర్థం కాదు.

శాకాహారులు ఒక సంగతి గమనించాలి. అమెరికా పద్ధతిలో ఈ డిప్‌లో మార్ష్‌మాలో కలుపుతారు. తెల్లని దూదిబంతులవలె ఉండే మార్ష్‌మాలోలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది. అది పశువుల చర్మం, ఎముకల నుండి తీసినది. డబ్బాలో మెత్తని ముద్దగా వచ్చే మార్ష్‌మాలోలో తరచుగా జెలటిన్‌కు బదులు కోడిగ్రుడ్డు తెల్లసొన ఉంటుంది. రెండూ మన ఇళ్ళలో కొందరికి కూడనివి. డబ్బాపై అచ్చువేసిన వివరం చదవకుండా విందుకు తేవద్దు. తెలియక వడ్డించినవారి బాధ, తెలియక తిన్నవారి బాధ రెండూ నేను చూశాను.

ఇప్పుడు చేదు సంగతి. అనాసపండులో బ్రోమెలిన్ అనే ఎంజైముల సముదాయం ఉన్నది. వీటిని తొలుత 1891లో వెనిజులా శాస్త్రజ్ఞుడు వీసెంతె మార్కానో గుర్తించాడు. వీటి పని మాంసకృత్తులను ముక్కలు చేయడం. అనాస ఎక్కువగా తింటే నాలుక చిమచిమలాడడంలో వీటి పాత్ర ఉన్నది. మనం పండును తింటుంటే పండు కూడా మనలను కాస్త తింటున్నదన్నమాట! కేసీన్ పొడవైన గొలుసు. అది గొలుసుగా ఉన్నంతవరకు దానికి రుచి లేదు. బ్రోమెలిన్ దానిని తుంచినపుడు వెలువడే పొట్టి తునకలలో నీటిని దూరంగా ఉంచే భాగాలు బయటపడతాయి. అటువంటి తునకలు నాలుకపైనున్న చేదును గుర్తించే కణాలకు తగులుతాయి. గొలుసులు తెగుతున్నకొద్దీ వల కూడా జారిపోయి ముద్ద పలుచనవుతుంది. ఉదయం కలిపిన మా గిన్నెలో సాయంత్రం దాకా, ఫ్రిజ్ చలిలో నెమ్మదిగానైనా, జరిగినది ఇదే. ఫ్రిజ్ సూక్ష్మజీవులను మందగింపజేసినట్లే ఎంజైమునూ మందగింపజేస్తుంది, ఆపలేదు.

బొప్పాయిలోని పపైన్ దీనికి సోదరి. 1879లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు వుర్ట్స్ దానిపై పరిశోధన ప్రకటించాడు. పచ్చికాయ పాలలో అది అత్యధికం. హైదరాబాదు వంటవారు కబాబుల మాంసానికి పచ్చిబొప్పాయి ముద్ద పట్టించడం ఈ గుణం కోసమే. పండిన బొప్పాయిలో తగ్గినా బొత్తిగా పోదు. పాలలో కలిపి ఉంచిన బొప్పాయిరసం కాసేపటికి చేదెక్కడం కొందరికి అనుభవమే. కివీపండులోనూ, అంజూరంలోనూ ఇటువంటివే ఉన్నాయి. మామిడి, అరటి, సపోటా, ద్రాక్ష, స్ట్రాబెరీలతో ఈ పేచీ లేదు.

"మరి డబ్బా అనాస వేసినప్పుడు చేదు రాలేదేమమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఎంజైములు కూడా మాంసకృత్తులే. డబ్బాలో పెట్టేటప్పుడు ఇచ్చే వేడికి వాటి ఆకృతి చెడి పనికిరాకుండా పోతాయి. ఈ సందర్భంలో మనం నివసించే ఊరిని తలచుకోవాలి. 20వ శతాబ్దపు తొలి దశకాలలో సింగపూరు అనాసను డబ్బాలకెక్కించి దేశదేశాలకు పంపిన రేవు. అనాసరాజు అని పేరుపొందిన లిమ్ నీ సూన్ పేరుమీదనే ఒక ప్రాంతం వెలసింది. ఆ పేరును మాండరిన్ ఉచ్చారణలో పలికితే యీషున్. ఆ స్టేషనులో రోజూ ఎక్కిదిగే మనవారెందరో ఉన్నారు. డబ్బా ఇష్టం లేనివారు తాజా ముక్కలను కొంచెం పంచదారతో మూడు నాలుగు నిమిషాలు తెర్లనిచ్చి, పూర్తిగా చల్లార్చి వాడవచ్చు. అప్పుడది పొయ్యి వెలిగించని వంట అనిపించుకోదు, అది వేరే విషయం.

ఇదే కారణాన తాజా అనాస వేసిన జెలటిన్ జెల్లీ ఎన్నటికీ గట్టిపడదు. జెలటిన్ కూడా మాంసకృత్తే కదా. ఇక్కడి మలయా వంటింటి అగర్ అగర్ మాత్రం సముద్రపు నాచు నుండి తీసిన పిండిపదార్థపు జాతిది. బ్రోమెలిన్ దాని జోలికి పోదు. గది వేడిలో కరగదు. శాకాహారులకు అభ్యంతరమూ లేదు. ఆ మాటే మలయా భాషది, ప్రపంచమంతా ఆ పేరుతోనే వాడుతున్నది.

కనుక పండునూ ముద్దనూ వేరువేరుగా పెట్టి, తినేవారే ముంచుకొనే ఈ డిప్ పద్ధతి వట్టి ఫ్యాషను కాదు. ముక్క పెరుగును తాకిన అరనిమిషంలో కడుపులోకి వెళ్ళిపోతే ఎంజైముకు వ్యవధి ఎక్కడ? మా ఇంట్లో ఇప్పుడు తాజా అనాసను అలాగే వడ్డిస్తాము, ఎవరూ చేదు అనలేదు.

ఇంతకంటె ముఖ్యమైనది ఆరోగ్యం. చేదైతే పిల్లవాడు ఉమ్మివేస్తాడు. క్రిములు చేరిన తీపికి చేదు ఉండదు, హాయిగా తింటాడు. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ నడుమ క్రిములు వేగంగా పెరుగుతాయి. చల్లని ఆహారాన్ని 5 డిగ్రీల లోపున, వేడి ఆహారాన్ని 60 డిగ్రీలకు పైన ఉంచమని సింగపూర్ ఫుడ్ ఏజెన్సీ కూడా చెబుతున్నది. అనుకూలమైన వేడిలో కొన్ని క్రిములు ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. వంద క్రిములు మూడు గంటలలో తొమ్మిది మార్లు రెట్టించి 51,200 అవుతాయి. మరొక గంటకు నాలుగు లక్షలు దాటుతాయి. మన సమావేశాలలో ప్రార్థన, స్వాగతవచనాలు, పిల్లల నృత్యాలు ముగిసి వడ్డనకు వచ్చేసరికి ఎంతసేపవుతుందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఇందులో పెరుగుముద్దకు కొంత బలం ఉన్నది. దానిలోని ఆమ్లం చాలా క్రిములను ఎదగనివ్వదు. గిలక్కొట్టిన మీగడకు ఆ రక్షణ లేదు, కనుక దాని విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి. కోసిన పండ్లను మరచిపోవద్దు. పుచ్చ, బొప్పాయి, ఖర్బూజా వంటి పులుపులేని పండ్లు కోసిన తరువాత క్రిములకు మంచి నెలవు. తొక్కపైనున్న మురికి కత్తితోపాటు లోపలికి పోతుంది కనుక కోయకముందే పండును కడగాలి. ముద్ద గిన్నెను ఐసుముక్కలు నింపిన పళ్ళెంలో నిలిపి, వడ్డనకు పది నిమిషాల ముందు మాత్రమే ఫ్రిజ్ నుండి తీయండి. ఫ్రిజ్ లేని చోటికి వెళ్ళేటప్పుడు ఐసు వేసిన చల్లపెట్టె తప్పనిసరి. రెండు గంటలు బయట ఉండిపోయినదానిని మళ్ళీ లోపల పెట్టి మరునాడు పిల్లలకు పెట్టకండి. కొరికిన ముక్కను మళ్ళీ గిన్నెలో ముంచకుండా ప్రతివారికీ ఒక చిన్న గిన్నెలో వేసి ఇస్తే ఎంగిలి పట్టింపు గల పెద్దవారికీ ఇబ్బంది ఉండదు. ఎంగిలి విషయంలో మన పెద్దలూ సూక్ష్మజీవశాస్త్రమూ ఇక్కడ ఒకే మాట మీద ఉన్నారు.

ఆపిల్, అరటి ముక్కలు గాలి తగిలి నల్లబడకుండా నిమ్మరసం కలిపిన నీటిలో ఒకసారి ముంచి తీయండి. రంగు మార్చే ఎంజైముకు ఆమ్లం గిట్టదు. ముక్కలపైని తడి గుడ్డతో అద్దిన తరువాతే పళ్ళెంలో పేర్చాలి, లేకపోతే ముద్ద అంటుకోక జారిపోతుంది. మామిడి దొరికే రోజులలో మా ఇంట్లో మరేదీ కోయము.

మూట క్రింద గిన్నెలో దిగిన తేట పారబోయకండి. అరలీటరు దాకా ఉంటుంది. పుల్లగా, లేత పసుపుపచ్చగా ఉండే ఆ నీటిలో కాల్షియమూ, బి విటమినులలో కొన్నీ ఉంటాయి. చపాతీపిండి కలపడానికీ, మజ్జిగపులుసులో నీటికి బదులుగానూ వాడుకొనవచ్చు. మా అత్తగారు అందులో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి త్రాగేవారు. రెండు రోజులకు మించి నిలవ ఉంచవద్దు.